పాత ఓనర్ తప్పు.. కొత్త ఓనర్‌కు నోటీసు! అమెరికాలో కండో కొనేముందు ఇవి చూసుకున్నారా?

కండో కొన్నారు. తాళాలు చేతికొచ్చాయి. పాలు పొంగించారు. నెల తిరగకముందే హోమ్ ఓనర్స్ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. ‘మీ బాల్కనీకి బిగించిన అద్దాల గోడకు అనుమతి లేదు. గడువులోగా తొలగించండి. లేదంటే జరిమానా’ అన్నది దాని సారాంశం. ఆ గోడ మీరు కట్టింది కాదు. మీరు ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజుకే అది అక్కడుంది. నిజం చెప్పాలంటే ‘చిన్న గది అదనంగా కలిసొస్తుంది’ అని ఆ గోడను చూసే కాస్త ఎక్కువ ధరకు ఒప్పుకొని ఉండొచ్చు కూడా. ఇప్పుడు దాన్ని పీకించే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

అమెరికాలో మొదటి ఇల్లుగా కండోనో, టౌన్‌హోమ్‌నో ఎంచుకునే తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. చిన్న జవాబు ఏమిటంటే.. తప్పు చేసింది పాత యజమానే అయినా, దాన్ని సరిచేయాల్సిన బాధ్యత చాలా సందర్భాల్లో ఇప్పుడు ఇల్లు ఎవరి పేరున ఉందో వారి మీదే పడుతుంది. అయితే ప్రతి రూపాయీ మీరే కట్టాలని, ప్రతి నోటీసుకూ తలొంచాలని దీని అర్థం కాదు. ఏది మీకు సంక్రమిస్తుంది, ఏది సంక్రమించదు, కొనేముందు ఏం అడగాలి, కొన్నాక ఏం చేయాలి.. వివరంగా చూద్దాం.

అసోసియేషన్‌కు అంత అధికారం ఎక్కడిది?

కండో అంటే ఇంచుమించు మన అపార్ట్‌మెంట్ ఫ్లాటే. లోపలి భాగం మీది. బయటి గోడలు, పైకప్పు, కారిడార్లు, పైపులు అందరివీ. బాల్కనీ చాలాచోట్ల ‘అందరిదీ, కానీ మీరొక్కరే వాడుకునేది’ అనే కోవలోకి వస్తుంది. కాంప్లెక్స్ కట్టినప్పుడే బిల్డర్ ఒక నిబంధనల పత్రాన్ని కౌంటీ కార్యాలయంలో రికార్డు చేయిస్తాడు. దాన్ని డిక్లరేషన్ అనీ, సీసీ అండ్ ఆర్స్ అనీ అంటారు. కిటికీల రంగు మొదలుకొని కుక్కల బరువు దాకా అన్నీ అందులోనో, దాన్ని అనుసరించి బోర్డు రాసిన రూల్స్‌లోనో ఉంటాయి.

ఆ పత్రం మనిషితో కాదు, ఆస్తితో ముడిపడి ఉంటుంది. ఇల్లు ఎన్ని చేతులు మారినా నిబంధనలు వెంటే వస్తాయి. ‘నేను చదవలేదు, నాకెవరూ చెప్పలేదు’ అన్న వాదన నిలవదు. కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో 530 యూనిట్ల కాంప్లెక్స్‌లో ఒక మహిళ కండో కొనుక్కొని మూడు పిల్లులతో దిగారు. అక్కడ పిల్లులు, కుక్కలు నిషేధం. కొనేటప్పుడు ఆ నిబంధన సంగతి తనకు తెలియదని, పిల్లుల వల్ల ఎవరికీ ఇబ్బంది లేదని ఆమె వాదించారు. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అసోసియేషన్ వైపే మొగ్గింది. రికార్డయిన నిబంధన మరీ అసమంజసమైతే తప్ప అమలు చేయాల్సిందేనని తేల్చింది.

బకాయి, జరిమానా, ఉల్లంఘన.. మూడూ ఒకటి కాదు

నోటీసు రాగానే చాలామంది ఈ మూడింటినీ కలిపేసి కంగారు పడతారు. చట్టం మాత్రం వీటిని విడివిడిగా చూస్తుంది.

బకాయి: పాత యజమాని కట్టకుండా వదిలేసిన నెలవారీ మెయింటెనెన్స్, ప్రత్యేక వసూళ్లు. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్లోరిడాలో కండో చట్టం ప్రకారం పాత బకాయిలకు పాత యజమానితో పాటు కొత్త యజమాని కూడా బాధ్యుడే. కట్టేశాక పాతవారి నుంచి రాబట్టుకునే హక్కు ఉంటుంది కానీ, ముందు కట్టాల్సింది మీరే కావచ్చు. కాలిఫోర్నియాలో బకాయి అనేది విధించిన నాటి యజమాని సొంత అప్పు. అయితే దానికోసం అసోసియేషన్ అప్పటికే ఆస్తి మీద లీన్ రికార్డు చేయించి ఉంటే అది ఇంటితోనే వస్తుంది.

జరిమానా: పాత ఉల్లంఘనకు పాత యజమానికి వేసిన ఫైన్. ఫ్లోరిడాలో కండో జరిమానా యూనిట్ మీద లీన్‌గా మారకూడదు. కాలిఫోర్నియాలో జరిమానా పేరు చెప్పి కోర్టుకు వెళ్లకుండా ఇంటిని వేలానికి పెట్టే వీలు లేదు. టెక్సాస్ కండో చట్టం మాత్రం జరిమానాలను కూడా బకాయిల కిందే లెక్కగట్టి లీన్‌లో చేరుస్తుంది. కేవలం జరిమానాల కోసమే ఇల్లు వేలం వేయడాన్ని మాత్రం నిషేధించింది.

ఉల్లంఘన: అసలు సమస్య ఇదే. అనుమతి లేని అద్దాల గోడ, తీసేసిన కార్పెట్, మార్చేసిన కిటికీ.. ఇవి అక్కడ ఉన్నంతకాలం నిబంధన ఉల్లంఘన కొనసాగుతున్నట్టే. ఇంటికి యజమాని మీరు కాబట్టి దాన్ని తీసేయగలిగేదీ, తీసేయమని అడగగలిగేదీ మిమ్మల్నే. పాత జరిమానా మీది కాకపోవచ్చు. కానీ నోటీసు అందాక కూడా అలాగే వదిలేస్తే పడే కొత్త జరిమానా మీదే.

తరచూ బయటపడేవి ఇవే

బాల్కనీలు, పేషియోలు మూసేయడం మొదటిది. రెండోది నేల. కార్పెట్ తీసేసి చెక్క ఫ్లోరింగ్ వేసేటప్పుడు కింద శబ్దం ఆపే పొర వేయాలని చాలా కాంప్లెక్సుల్లో నిబంధన ఉంటుంది. పాత యజమాని దాన్ని ఎగ్గొడితే మీరు దిగేదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. పాతాయన ఒంటరిగా ఉండేవాడు. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు పరుగులు తీస్తారు. అప్పుడు కింది ఫ్లాట్ నుంచి ఫిర్యాదు వస్తుంది. తనిఖీ జరుగుతుంది. పైకి చూడ్డానికి నున్నగా ఉన్న ఫ్లోరింగ్ మొత్తం లేపాల్సి రావొచ్చు. ఈ జాబితాలో ఖరీదైన తలనొప్పి ఇదే.

వంటగదికీ హాలుకూ మధ్య గోడ తీసేయడం, వద్దన్నచోట వాషింగ్ మెషీన్ పెట్టడం, ఏసీ యూనిట్‌ను అందరి గోడకు బిగించడం కూడా తరచూ కనిపించేవే. డిష్ యాంటెన్నా విషయంలో ఒక వెసులుబాటు ఉంది. మీరొక్కరే వాడుకునే బాల్కనీలో మీటరు లోపు వ్యాసమున్న డిష్‌ను అసోసియేషన్ నిషేధించకూడదని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధన చెబుతోంది. అదే డిష్‌ను పాత యజమాని అందరిదైన పైకప్పు మీదో, బయటి గోడకో బిగించి ఉంటే ఆ రక్షణ వర్తించదు.

ఇంకో మెలిక. ఉల్లంఘనలు సంక్రమిస్తాయి కానీ మినహాయింపులు సంక్రమించకపోవచ్చు. అద్దెకివ్వకూడదన్న రూల్ రాకముందే కొన్నందున పాత యజమానికి అద్దెకిచ్చుకునే వీలు ఉండి ఉంటుంది. ఆయన కొనే రోజుకు ఆ రూల్ లేదు. మీరు కొనే రోజుకు ఉంది. ‘పాతాయన ఇచ్చాడుగా, నేనూ ఇస్తాను’ అని అద్దె మీద లెక్కలు వేసుకుని కొంటే ఇబ్బందే.

కొనేముందు ఏ కాగితం అడగాలి?

బేరమాడే బలం క్లోజింగ్ ముందురోజు వరకే ఉంటుంది. ఆ తర్వాత ఉత్తరాలన్నీ మీ చిరునామాకే వస్తాయి. కాబట్టి ఈ దశలో అడగాల్సిన కాగితాలను రాష్ట్ర చట్టాలే నిర్దేశించాయి.

కాలిఫోర్నియా: అమ్మేవారు కొనేవారికి ఇవ్వాల్సిన పత్రాల జాబితా సివిల్ కోడ్ 4525వ సెక్షన్‌లో ఉంది. అందులో నిబంధనల పత్రాలు, బడ్జెట్, కట్టాల్సిన బకాయిలు, జరిమానాలతో పాటు, యజమానికి పంపిన, ఇంకా పరిష్కారం కాని ఉల్లంఘన నోటీసు ప్రతి లేదా సారాంశం కూడా ఉండాలి. కోరితే గత 12 నెలల బోర్డు సమావేశాల మినిట్స్ కూడా ఇవ్వాలి. రాతపూర్వకంగా అడిగిన 10 రోజుల్లో అసోసియేషన్ పత్రాలు అందించాలి.

టెక్సాస్: దీన్ని రీసేల్ సర్టిఫికెట్ అంటారు. కండోలో చేసిన మార్పులేవైనా నిబంధనలకు విరుద్ధమని బోర్డుకు తెలిస్తే ఆ సంగతి అందులో చెప్పాలి. మూడు నెలలకు మించి పాతబడిన సర్టిఫికెట్ చెల్లదు. కాంట్రాక్టుకు ముందు ఇది మీకు అందకపోతే, అందిన తర్వాత ఆరో రోజుకు ముందే కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. ఇందులో వెల్లడించని అప్పుకో, క్లెయిమ్‌కో దీన్ని నమ్మి కొన్నవారు బాధ్యులు కారని కూడా చట్టం చెబుతోంది. అంటే తెలిసిన ఉల్లంఘనను బోర్డు దాచి, తర్వాత నోటీసు పంపితే ఈ కాగితమే మీ చేతిలో ఆయుధం.

ఫ్లోరిడా: ఇక్కడ దీని పేరు ఎస్టాపెల్ సర్టిఫికెట్. అడిగిన 10 పనిదినాల్లో ఇవ్వాలి. బకాయిల మొత్తంతో పాటు ‘ఈ యూనిట్ మీద పరిష్కారం కాని ఉల్లంఘన నోటీసు ఏదైనా ఉందా’ అన్న ప్రశ్నకు అవునో కాదో రాయాలి. దీన్ని నమ్మి కొన్నవారి నుంచి అందులో చూపిన మొత్తానికి మించి వసూలు చేసే హక్కును అసోసియేషన్ వదులుకున్నట్టే. ఈమెయిల్‌లో వచ్చిన సర్టిఫికెట్‌కు 30 రోజుల కాలపరిమితి ఉంటుంది. క్లోజింగ్ వాయిదా పడితే కొత్తది తీసుకోవాలి.

మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటివి వేర్వేరు పేర్లతో ఉంటాయి. మీ ఏజెంటునో, టైటిల్ కంపెనీనో ‘రీసేల్ కాగితాల్లో ఉల్లంఘనల కాలమ్ ఏం చెబుతోంది?’ అని నేరుగా అడగండి.

కాగితం శుభ్రంగా ఉంటే చాలా?

చాలదు. సర్టిఫికెట్‌లో రాసేది అసోసియేషన్‌కు తెలిసిందే. కార్పెట్ కింద ఏముందో, ఏ గోడ ఎప్పుడు తీశారో బోర్డుకు తెలియకపోతే అది అందులో ఉండదు. మీరు డబ్బు కట్టి పిలిపించే హోమ్ ఇన్‌స్పెక్టర్ కూడా ఇంటి మంచిచెడ్డలు చూస్తారు తప్ప నిబంధనల పత్రంతో పోల్చి చూడరు. ఆ పని మీరే చేసుకోవాలి.

ఇల్లు చూసేటప్పుడు పక్క ఫ్లాట్లనూ గమనించండి. అందరి బాల్కనీలూ తెరిచి ఉండి మీరు కొనేదొక్కటే మూసి ఉంటే అనుమానించాల్సిందే. కిటికీలు, తలుపులు, ఫ్లోరింగ్, గోడల్లో మార్పు కనిపిస్తే ‘దీనికి బోర్డు అనుమతి పత్రం ఉందా?’ అని అడిగి ప్రతి తీసుకోండి. నగర బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఆ చిరునామాకు తీసుకున్న పర్మిట్లు ఏమున్నాయో కూడా చూడండి. సిటీ పర్మిట్ వేరు, అసోసియేషన్ అనుమతి వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

అనుమతి పత్రం ఉన్నా చివరిదాకా చదవండి. మార్పుకు ఒప్పుకుంటూనే ‘దాని నిర్వహణ, దాని వల్ల కలిగే నష్టం ఎప్పటికీ ఈ యూనిట్ యజమానిదే’ అని బోర్డు రాయించుకునే సందర్భాలుంటాయి. ఆ ఒప్పందం రికార్డయి ఉంటే అది కూడా మీ నెత్తికే వస్తుంది.

ముందే బయటపడితే నాలుగు దారులు

క్లోజింగ్‌కు ముందు ఉల్లంఘన తెలిస్తే నిజానికి అదృష్టమే.

ఒకటి, అమ్మేవారే సరిచేసి, ‘సమస్య ముగిసింది’ అని అసోసియేషన్ నుంచి ఉత్తరం తేవాలని షరతు పెట్టడం. మాట కాదు, ఉత్తరం కావాలి.

రెండు, ఉన్నది ఉన్నట్టు ఉంచుకునేందుకు బోర్డు నుంచి రాతపూర్వక అనుమతి తెప్పించడం.

మూడు, బాగుచేయించడానికి కాంట్రాక్టర్ అంచనా తీసుకుని ఆ మేరకు ధర తగ్గించమనడం, లేదా అమ్మినవారికి రావాల్సిన సొమ్ములో కొంత పని పూర్తయ్యేదాకా ఎస్క్రోలో ఆపించడం. లోన్ మీద కొంటుంటే దీనికి బ్యాంకు కూడా ఒప్పుకోవాలి.

నాలుగు, కాంట్రాక్టు ఇచ్చిన గడువు దాటకముందే తప్పుకోవడం.

కొన్నాక నోటీసు వస్తే..

మొదట చేయకూడనివి రెండు. నోటీసును పక్కన పడేయకూడదు. కంగారుపడి వెంటనే జరిమానా కట్టి తప్పు ఒప్పుకున్నట్టు ఉత్తరం రాయకూడదు. ఆ తర్వాత వరసగా ఇలా వెళ్లండి.

ఏ నిబంధన కింద నోటీసు ఇచ్చారో, ఆ యూనిట్ ఫైల్లో పాత నోటీసులు, అనుమతులు ఏమున్నాయో రాతపూర్వకంగా అడగండి. మీరు కొన్న తేదీ, మీకిచ్చిన రీసేల్ కాగితాల ప్రతులు జతచేయండి. సరిచేయడానికి సహేతుకమైన గడువు కోరండి.

హియరింగ్ అడగండి. కాలిఫోర్నియాలో జరిమానా వేయాలంటే కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇచ్చి బోర్డు ముందు మాట్లాడే అవకాశమివ్వాలి. 2025 మధ్యలో అక్కడ చట్టం మారింది. ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు తెచ్చేవి మినహా ఒక్కో ఉల్లంఘనకు జరిమానా 100 డాలర్లు మించకూడదు. సమావేశంలోపే సరిచేస్తే జరిమానా వేయకూడదు. అంతలో పని పూర్తికాదనుకుంటే దానికి డబ్బు కట్టుబాటు చేసుకున్నట్టు చూపినా సరిపోతుంది. టెక్సాస్ కండోల్లో నోటీసు తేదీ నుంచి 30 రోజుల్లోపు హియరింగ్ కోరవచ్చు. ఫ్లోరిడాలో 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బోర్డుతో సంబంధం లేని సభ్యుల కమిటీ ఒప్పుకోకపోతే జరిమానా పడదు. రోజుకు 100 డాలర్ల చొప్పున లెక్కేసినా మొత్తం 1,000 డాలర్లు దాటకూడదు.

అయితే ‘వంద డాలర్లే కదా, కట్టి ఊరుకుందాం’ అనుకోవద్దు. జరిమానాకు పరిమితి ఉంది కానీ సరిచేయాల్సిన బాధ్యతకు లేదు. అసోసియేషన్ కోర్టుకెళ్లి తొలగించమని ఆదేశం తెచ్చుకోవచ్చు. కాలిఫోర్నియాలో అలాంటి కేసులో ఓడినవారు గెలిచినవారి లాయర్ ఫీజు కూడా భరించాలి. గోడ పీకించే ఖర్చు కంటే ఆ బిల్లే పెద్దది కావచ్చు.

కోర్టు దాకా వెళ్లకముందే కూర్చుని మాట్లాడుకునే దారి ఉంది. కాలిఫోర్నియాలో యజమాని కోరితే అసోసియేషన్ ఈ అంతర్గత చర్చకు రావాల్సిందే. దానికి ఫీజు వసూలు చేయకూడదు.

మీ వైపు వాదనలూ ఉంటాయి. ఉల్లంఘన ఎప్పటిది? బోర్డుకు తెలిసి ఎన్నేళ్లయింది? కాలిఫోర్నియాలో రికార్డయిన నిబంధన ఉల్లంఘనపై దావాకు గడువు అయిదేళ్లు. అది అసోసియేషన్‌కు ఉల్లంఘన తెలిసిన, లేదా కాస్త శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన నాటి నుంచి మొదలవుతుంది. పదేళ్లుగా వీధిలోకి కనిపిస్తున్న అద్దాల గోడ గురించి బోర్డు ఇప్పుడు నిద్రలేస్తే ఆ ప్రశ్న అడగాల్సిందే. అలాగే పది బాల్కనీలు మూసి ఉండగా మీ ఒక్కరికే నోటీసు వస్తే ఫొటోలు తీసి హియరింగ్‌లో చూపండి.

అమ్మినవారిని అడగొచ్చా?

అడగొచ్చు. అయితే వారికి తెలిసీ దాచారని చూపగలగాలి. వారి పేరున వచ్చిన పాత నోటీసు దొరికితే అంతకంటే మంచి ఆధారం ఉండదు. అందుకే అసోసియేషన్ ఫైల్ ముందు తెప్పించుకోమనేది. కాలిఫోర్నియాలో అమ్మేవారు నింపే డిస్‌క్లోజర్ ఫారంలో పర్మిట్ లేని మార్పుల గురించి ప్రత్యేకంగా ప్రశ్న ఉంటుంది. అక్కడ ‘లేదు’ అని రాసి ఉంటే ఆ సంతకం పనికొస్తుంది. ముందు ఖర్చుల అంచనాతో డిమాండ్ లెటర్ పంపాలి. స్పందించకపోతే, మొత్తం చిన్నదైతే లాయర్ లేకుండానే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లవచ్చు. కాలిఫోర్నియాలో వ్యక్తులకు ఈ పరిమితి 12,500 డాలర్లు. టెక్సాస్ జస్టిస్ కోర్టుల్లో 20,000 డాలర్లు. కాంట్రాక్టులో ‘ముందు మధ్యవర్తిత్వం’ అన్న షరతు ఉందేమో చూసుకోండి.

మీ టైటిల్ ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఓసారి తీసి చదవండి. కొన్ని రకాల పాలసీలు కొనేనాటికే ఉన్న నిబంధన ఉల్లంఘనలను కొంతవరకు కవర్ చేస్తాయి. పని మొదలుపెట్టకముందే వారికి తెలియజేయాలి.

మన దగ్గర పరిస్థితేంటి?

హైదరాబాద్, విజయవాడల్లో పాత ఫ్లాట్ కొనేవారికీ ఇదే సూత్రం పనికొస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం అమ్మే తేదీ వరకు ఉన్న ప్రభుత్వ పన్నులు అమ్మేవారే కట్టాలి. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని, తనకు తెలిసిన లోపాలను చెప్పాలి. మూసేసిన బాల్కనీ కళ్లెదుటే కనిపించేది కాబట్టి ‘దాచారు’ అనడం కష్టం. అందుకే రిజిస్ట్రేషన్‌కు ముందే అసోసియేషన్ నుంచి నో డ్యూస్ లెటర్ తీసుకుని, మంజూరైన ప్లాన్‌తో ఫ్లాట్‌ను పోల్చి చూసుకోవడం మేలు.

సంతకం పెట్టేముందు..

- రీసేల్ కాగితాల్లో బకాయి, జరిమానా, ఉల్లంఘన మూడూ విడివిడిగా చూశారా?
- గత ఏడాది బోర్డు మినిట్స్‌లో మీ యూనిట్ నంబరు ఎక్కడైనా ఉందా?
- ఇంట్లో కనిపించే ప్రతి మార్పుకూ అసోసియేషన్ అనుమతి, సిటీ పర్మిట్ రెండూ ఉన్నాయా?
- అద్దె, పెంపుడు జంతువులు, పార్కింగ్ విషయంలో పాత యజమానికున్న వెసులుబాటు మీకూ వర్తిస్తుందని రాతలో ఉందా?
- సమస్య ఉంటే ఎవరు, ఎప్పటిలోగా, ఎవరి ఖర్చుతో సరిచేయాలో కాంట్రాక్టులో రాసుకున్నారా?

వీటిలో ఒక్కదానికైనా ‘తెలియదు’ అన్నది మీ జవాబైతే, ఆ రాష్ట్రంలో అసోసియేషన్ కేసులు చూసే లాయర్‌కు గంట ఫీజు ఇచ్చి కాగితాలు చూపించండి. ఫ్లోరింగ్ లేపించే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.